ఎడమ చక్రం

ఇది పదకొండో మలుపా, పన్నెండోదా? వేళ్లమీద లెక్కపెట్టుకుందామంటే పదివేళ్లూ స్టీరింగుని కరుచుకుని ఉన్నాయి. పక్కసీట్లోంచి ఆయన "కళ్లజోడు దాటామా?" అన్నాడు. "ఆఁ, దాటాం," అంది ఆవిడ. నిజానికి దాటారో లేదో ఆవిడకి తెలియదు. కళ్లజోడంటే పదకొండో మలుపు. ఎప్పుడో వాళ్ల బండిలో లోయ చూడ్డానికొచ్చిన ఒక పెద్దమనిషి అక్కడ దిగి లోయలోకి తొంగిచూస్తూ కళ్లజోడు జారవిడుచుకున్నాడు. అది కింద రాళ్లకి తగిలినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఇంక చప్పుడు రాకపోయేసరికి "నాలుగుసార్లు తగిలిందండీ" అని అందరికీ గొప్పగా చెప్పాడు, పోయింది తనదని గుర్తులేనట్టు. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్లాలిద్దరూ నవ్వుకుంటూ మలుపుకి ఆ పేరు పెట్టేశారు. అలాగే అలక మలుపు, తుమ్ముల మలుపు, పంతులుగారి మలుపు, మొత్తం పంతొమ్మిది. పేర్లన్నీ నోటికి వచ్చు ఆవిడకి, నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్తుంది. ఏం లాభం, పేరు తెలుసు గానీ మొహం తెలియదు. ఇప్పుడు అద్దంలోంచి ఎదురుగా కనిపిస్తున్న ఈ ఎర్రమట్టి దారి, ఈ ముళ్లపొదలు, ఎండకి పెచ్చులు లేచిన ఈ బండలు, వీటిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇరవై మూడేళ్లు ఈ దారిలో తిరిగి దారి చూడలేదంటే ఎవరైనా నమ్ముతారా?

నమ్మకపోతే పోయారు. ఆవిడ పని దారి చూడటం కాదు మరి. స్టీరింగు కుడివైపు, వెళ్లేటప్పుడు లోయ ఎడమవైపు. నడిపేవాడికి ముందు దారి కనిపిస్తుంది, వెనక కూర్చున్న ఆరుగురూ అద్దంలో కనిపిస్తారు, లోయ అవతలి గోడ కూడా గులాబీరంగులో కనిపిస్తుంది, కానీ తన బండి ఎడమ చక్రం అంచుకి ఎంత దూరంలో ఉందో మాత్రం చచ్చినా కనిపించదు. అది కనిపించేది ఎడమసీట్లో కూర్చుని కిటికీలోంచి తల బయటికి పెట్టిన మనిషికి. ఆ మనిషి ఆవిడ. ఆయన అతిథులకి కథలు చెప్తూ నడిపేవాడు, ఈ బండలకి ఎన్ని లక్షల ఏళ్లో, కింద తాడులా కనిపించే ఏరు ఎంత లోతో. ఆవిడ మాత్రం చక్రం మీంచి చూపు తిప్పకుండా "బారెడు... బారెడు... మూరెడు... జానెడు, జానెడు, కుడికి, కుడికి" అంటూ ఉండేది. మొదట్లో "ఏమండీ, కొంచెం కుడికి తిప్పుతారా" అనేది. ఆ మర్యాద అంతా పూర్తయ్యేసరికి చక్రం జానెడు నుంచి బెత్తెడుకి వచ్చేసేది. "తల్లీ, నీ మర్యాద నన్ను లోయలో పడేసేలా ఉంది, ఇంట్లో ఎలాగైనా పిలువు, బండిలో మాత్రం నువ్వు అను చాలు," అన్నాడు ఆయన. అప్పట్నుంచి ఇంట్లో ఉంటే మీరు, బండెక్కితే నువ్వు. చూసినవాళ్లు ఈవిడకి నోరెక్కువ అనుకునేవారు. వచ్చేటప్పుడు లోయ కుడివైపుకి వస్తుంది గనక అంచు ఆయనే చూసుకునేవాడు, ఆవిడకి సెలవు. సీటుకి తల ఆనించి హాయిగా నిద్రపోయేది. అంటే వెళ్లేటప్పుడు చక్రం, వచ్చేటప్పుడు నిద్ర. ఇంక దారి ఎప్పుడు చూస్తుంది?

"ఇప్పుడు పల్లం వస్తుంది చూడు. రెండో గేరులోనే ఉంచు," అన్నాడు ఆయన. కళ్లు సగం మూసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. పల్లం రాలేదు. దారి తిన్నగా ఉంది, ఇంకా మాట్లాడితే కొంచెం ఎత్తుకి పోతోంది. ఆవిడ రెండో గేరులోనే ఉంచి, "వచ్చింది," అంది. ఎందుకంది? ఒకవేళ ఇదే పల్లమేమో. మొన్నటి వానలకి కొంత దారి కొట్టుకుపోతే యంత్రంతో మట్టి పోసి సరిచేశారుగా, అప్పుడు పల్లం పూడిపోయిందేమో. లేకపోతే పల్లం ఇంకా ముందుందేమో, ఆవిడే తొందరపడి కళ్లజోడు దాటామని చెప్పిందేమో. అలాంటప్పుడు తప్పు ఆయనది కాదు, ఆవిడది. ఆవిడ తప్పుకి ఆయన్ని ఓడించడం ఏం న్యాయం? ఒక్కమాట, "ఆగండి, నాకు లెక్క తప్పింది" అంటే సరిపోతుంది. నోటిదాకా వచ్చింది. గొంతులో దుమ్ము అడ్డుపడింది. దగ్గింది. దగ్గు అయ్యేసరికి మాట వెనక్కి పోయింది.

ఎందుకంటే ఇవాళ తాడో పేడో తేల్చుకోవడానికే వచ్చారు. ఆయన కళ్లకి నీటికాసులు. రెండేళ్లుగా చూపు అంచులనుంచి లోపలికి తరుగుతూ వచ్చింది. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవడమే అన్నాడు డాక్టరు. మూడునెలల కిందట వెళ్లినప్పుడు ఆయన ఒక్కడే లోపలికి వెళ్లి, బెంచీమీద కూర్చున్న ఆవిడ దగ్గరికి గోడ తడుముకుంటూ వచ్చి, "ఫరవాలేదట. నీడలు తెలుస్తున్నాయి కదా, అవి ఉంటాయట," అన్నాడు. ఆవిడ డాక్టర్ని అడగలేదు. అడగాలని లేచింది కూడా, కానీ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించే తొందరలో ఉండిపోయింది. ఆయన బండి నడపడం మానేశాక ఒక సీజను ఖాళీగా పోయింది. ఇంట్లో ఆయన రేడియో పెట్టుకుని, తీసేసి, మళ్లీ పెట్టుకుని, కుర్చీలోంచి లేచి మళ్లీ అందులోనే కూర్చునేవాడు. మాట్లాడటం తగ్గించేశాడు. వారం కిందట పర్మిట్ల ఆఫీసులో గుమాస్తా కొత్త కాగితం ఇచ్చాడు. అందులో రెండు గళ్లు: నడిపేవారు, పక్కన చూసేవారు. అది విన్నప్పట్నుంచి ఆయన మొహం వెలిగిపోయింది. "నువ్వు నడుపు, నేను పక్కన. ఈ దారి నా తలలో ఉందే, కళ్లతో పనేముంది? నేను మలుపు మలుపూ చెప్తా, నువ్వు తిప్పు, అతిథులకి కథలూ నేనే చెప్తా." ఎల్లుండికి ఆరుగురు పేరు రాయించుకున్నారు. రేపు పదకొండింటికల్లా కాగితం ఇవ్వాలి. "ఇవాళ ఉత్త బండితో వెళ్దాం. పంతొమ్మిదీ తప్పు లేకుండా చెప్పానా, కాగితం ఇద్దాం. ఒక్కటి తప్పానా, బండికి గుడ్డ కప్పేద్దాం, నేను మళ్లీ నోరెత్తను. తప్పితే నువ్వే చెప్పాలి, ఇంకెవరు చెప్తారు?" అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు కూడా, చిన్నపిల్లల్లా తలమీద చెయ్యి పెట్టించుకుని.

"ఎడమ ఎంత?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

"బారెడు," అంది ఆవిడ.

అయ్యో, అదేం మాట! ఎక్కణ్ణుంచి ఊడిపడింది బారెడు? ఇరవై మూడేళ్ల అలవాటు నోటికి, ఎడమ ఎంత అంటే ఏదో ఒక కొలత చెప్పడం. కానీ అప్పుడు చూసి చెప్పేది. ఇప్పుడు ఆవిడ కూర్చున్నది కుడిసీట్లో. ఇక్కణ్ణుంచి బానెట్టు కనిపిస్తోంది, ఆయన మోకాళ్లు కనిపిస్తున్నాయి, ఆయన కిటికీలోంచి లోయ అవతలి గోడ కనిపిస్తోంది. చక్రం లేదు, అంచు లేదు. ఈ బండికి ఎడమవైపు చూసే మనిషే లేడు ఇవాళ. చూడగలిగిన మనిషి ఇటు కూర్చుంది, అటు కూర్చున్న మనిషి చూడలేడు. బయల్దేరేటప్పుడు ఇంత చిన్న సంగతి ఇద్దరికీ ఎందుకు తట్టలేదు? ఆయనకి తట్టి ఉండదా? నీడలు తెలుస్తాయన్నాడు కదా, అంచు దగ్గర వెలుగూ నీడా తేడా తెలుస్తుందేమో, అందుకే ధైర్యంగా కూర్చున్నాడేమో. ఆవిడ స్టీరింగుని కొంచెం కుడికి లాగింది. కుడివైపు గట్టుమీది పొద బండి ఒంటిని బరబరా గీసుకుంటూ పోయింది. "ఏంటది?" "ఏంలేదండీ, కొమ్మ." మళ్లీ అండీ! బండిలో అండీ ఏమిటి? నాలుక కరుచుకుంది.

ఒకసారి, ఇరవై మూడేళ్లలో ఒకే ఒక్కసారి, వెనకసీట్లో నిండు గర్భిణి భయంతో భర్త చొక్కా పట్టుకుని ఏడుస్తుంటే, జానెడుని మూరెడు చేసి చెప్పింది ఆవిడ. ఆయన ఆ మూరెడు నమ్మి చక్రాన్ని ఎడమకి జరిపాడు. చక్రం కిందనుంచి గుప్పెడు రాళ్లు జారి లోయలోకి పోయాయి. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన కంచం పక్కకి తోసి, "ఊరడించాలనుంటే ఇంటికొచ్చాక ఊరడించు. అక్కడ నాకు కన్ను నువ్వే. కన్ను అబద్ధం చెప్తే ఎలాగే?" అన్నాడు. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే తనే టీ కాచి తెచ్చాడు, చక్కెర వెయ్యకుండా. ఆ టీ తాగి "బాగుంది" అంది ఆవిడ. చూశారా, అదీ అబద్ధమే. ఇంట్లో ఎన్ని చెప్పిందో లెక్క లేదు. ఈ రెండేళ్లలో అయితే మరీనూ. ఆయన చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటే, "బాగుందండీ" అని దగ్గరికెళ్లి భుజం దులిపినట్టు నటిస్తూ సరిచేసేది. గ్లాసు అంచు దాటి నీళ్లు బల్లమీద పోస్తే చప్పుడు కాకుండా తుడిచేసేది. ఆయన కాలికి తగలకుండా కుర్చీలు, చెప్పులు, బకెట్లు పెట్టినచోటనే పెడుతూ వచ్చింది, ఇల్లంతా మేకులు కొట్టి బిగించినట్టు. ఆయన ఇంట్లో చకచకా తిరుగుతుంటే ఫరవాలేదు, బానే చూస్తున్నాడు అనుకునేది. తను సర్దినదాన్ని తనే నమ్మేది! ఇందులో ఆయన చూపు ఎంత, తన సర్దుడు ఎంత? ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

"పంతులుగారు వచ్చేశారా?" పద్నాలుగో మలుపు అది. దారి ఎడమకి వంగింది. పంతులుగారి మలుపు ఎడమకా కుడికా? అక్కడ అంచున మూడు తెల్లరాళ్లు ఉండేవి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, వాటిని చూడగానే "జానెడు" అనడానికి సిద్ధమయ్యేది ఆవిడ. ఆ మూడు రాళ్లు కనిపిస్తే చాలు, అంతా తెలిసిపోతుంది. కానీ అవి ఎడమ అంచున, కిందకి. సీట్లోంచి కొంచెం లేచి, మెడ సాచి చూడబోయింది. బండి ఊగింది. గబుక్కున కూలబడింది. చెమటకి చేతులు జారుతున్నాయి. "ఆఁ, వచ్చింది," అంది. "అయితే దాటగానే పెద్దబండ, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని పో." పెద్దబండ కనిపించింది! ప్రాణం లేచివచ్చింది ఆవిడకి. కానీ అది కుడివైపు కాదు, ఎడమవైపు ఉంది. అంతలోనే కుడివైపు ఇంకో బండ. అది పెద్దదేనా? దేంతో పోలిస్తే పెద్దది? ఈ ఎడారిలో బండలకి కరువా? రెండింటి మధ్యనుంచి పోనిచ్చింది. ఎంత ఇరుగ్గా ఉందంటే రెండువైపులా అద్దాలు మూసుకోవాలనిపించింది. ఎప్పుడూ వచ్చే దారిలో ఇంత ఇరుకు ఉండేదా? మలుపులు ఎప్పుడు అయ్యాయో ఎప్పుడు మొదలయ్యాయో తెలియడం లేదు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి, ఎండ ఒకసారి మొహంమీద, ఒకసారి చెవిమీద. లోయ అవతలి గోడ దగ్గరికొచ్చినట్టు ఉంటుంది, మళ్లీ దూరం జరుగుతుంది. పదిహేను అన్నాడు ఆయన, తలూపింది. తలూపితే ఆయనకి ఎలా తెలుస్తుంది? "ఆఁ" అంది. పదహారు అన్నాడు, "ఆఁ." ఆరుగురు వస్తారు ఎల్లుండి. అందులో ఒకావిడ ఫోన్లో అడిగింది, "మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, భయమేం లేదు కదండీ?" "మావారు ఇరవై మూడేళ్లుగా ఈ దారిలోనే ఉన్నారమ్మా," అంది ఆవిడ. అందులో అబద్ధం లేదు. కానీ అది జవాబూ కాదు.

"పద్దెనిమిది అయింది," అన్నాడు ఆయన, గొంతులో సంబరం దాచుకోలేక. "ఇంక ఒక్కటే. కుడికి వెడల్పుగా తిప్పు, చివర మైదానంలా వస్తుంది, అక్కడ ఆపు." కుడివైపు నిలువుగోడలా గట్టు. తిప్పడానికి చోటే లేదు. దారి ముందుకి సన్నబడుతూ పోయి, ఎదురుగా విరిగిపడ్డ రాళ్లకుప్ప దగ్గర ఆగిపోయింది. మైదానం లేదు, వెడల్పు లేదు. ఎక్కడో, ఏ రెండు బండల మధ్యనో, వేరే దారిలోకి వచ్చేశారు. వానలకి ముందు వాడి వదిలేసిన పాత దారేమో ఇది. ఆవిడ బ్రేకు వేసింది. బండి కొంచెం జారి ఆగింది. ఇంజను ఆపేసింది. గాలి హోరు ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

"వచ్చేశాం కదూ? చూశావా!" ఆయన నవ్వుతున్నాడు. ఎన్నాళ్లయింది ఆ నవ్వు చూసి! "పంతొమ్మిదీ చెప్పానా లేదా? నువ్వే చెప్పు."

"చెప్పారు," అంది ఆవిడ.

"నా వైపు ఎంత ఉంది?"

"బారెడు."

"అయితే దిగుతా. కాళ్లు పట్టేశాయి," అని ఆయన తలుపు గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది. ఆయన ఎడమకాలు బయటికి పెట్టి, పాదాన్ని కిందికి దించుతూ నేలకోసం వెతికాడు. అందలేదు. ఇంకొంచెం కిందికి జరిగాడు. ఆవిడ చూసిందల్లా ఆ కాలి చెప్పు కింద ఉన్న ఆకాశం.

"దిగొద్దు! దిగొద్దు, ఆగు!" రెండు చేతులతో ఆయన చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. గుండీ తెగి ఎక్కడో పడింది. "నాకు తెలీదు! అక్కడ ఏముందో నాకు తెలీదు! నేను చూడలేదు, నాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనిపించదు, పొద్దుట్నుంచీ కనిపించలేదు, అన్నీ అబద్ధాలే చెప్పాను!"

ఆయన కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు తనంతట తనే గాలికి ఊగుతోంది. ఆవిడ తన వైపు దిగి, గట్టుకి వీపు రాసుకుంటూ బండి ముందునుంచి తిరిగి వెళ్లి, వంగి చూసింది. చాలా రోజుల తర్వాత ఎడమ చక్రాన్ని చూసింది. చక్రంలో మూడొంతులు నేలమీద ఉంది. తలుపు కింద నేల లేదు. కిందికి చూడబోయి చూడలేదు. అక్కడే బానెట్టుమీద చేతులు ఆనించి నిలబడింది.

"ఎంత?" అన్నాడు ఆయన లోపలినుంచి.

"లేదు," అంది. "ఏమీ లేదు. నువ్వు దిగితే పోయేవాడివి." ఆ మాట పైకి అన్నాక ఏడుపు ఆగలేదు. వెక్కిళ్ల మధ్యనే అన్నీ చెప్పేసింది, పల్లం రాలేదని, కళ్లజోడు దాటారో లేదో తెలియదని, దారి తప్పిందని, ఎక్కడున్నారో తనకి తెలియదని. ఆయన గేరు రాడ్డుని దాటుకుని కుడిసీట్లోకి జరిగి, అటు తిరిగొచ్చిన ఆవిడ చెయ్యి పట్టుకుని దిగాడు. బండి ముందుకి నడిపించి, గట్టుకి ఆనించి కూర్చోబెట్టింది ఆయన్ని. తనూ పక్కన కూలబడింది.

"నాకూ పన్నెండు దగ్గరే తప్పింది," అన్నాడు ఆయన. "ఎండ తప్పు చెంపమీద పడింది. నువ్వు 'ఆఁ' అన్నావు. నువ్వు చూసి అంటున్నావు కదా, ఎండ చెప్పేది తప్పేమో, నేనే పొరపడ్డానేమో అనుకున్నా."

"నేనూ అంతే. దారి నీ తలలో ఉంది కదా, కళ్లదే తప్పేమో అనుకున్నా."

ఆయన నవ్వబోయాడు, అది నవ్వులా రాలేదు. "ఆ ఆరుగురికి..."

"రావొద్దని చెప్తాను. నేనే చెప్తాను, ఇంటికెళ్లగానే."

"ఊఁ," అన్నాడు. అరచేత్తో మొహం రుద్దుకున్నాడు, దుమ్మంతా చెంపలమీదికి సాగింది. ఆయనకి ఆ ఒక్క ఊఁ ఎంత కష్టమైందో ఆవిడకి తెలుసు. ఓదార్చాలనిపించింది. ఏమని ఓదార్చినా అబద్ధమే అవుతుందని ఊరుకుంది. కాసేపటికి ఆయనే, "సరే, ఇంక బండి వెనక్కి తియ్యాలి కదా. రెండు బండలదాకా వెనక్కే వెళ్లాలి. నువ్వెక్కు. నేను ఇక్కడ గట్టునానుకుని నిలబడి చెప్తా. ఆ మాత్రం బండి నీడ తెలుస్తుందిలే," అన్నాడు.

ఆవిడ ఎక్కింది. తలుపు వేసుకుంది. తాళంచెవి మీద చెయ్యి వేసి, ముందు అద్దంలోంచి ఆయనకేసి చూసింది. ఆయన గట్టుకి వీపు ఆనించి, నిటారుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తాడు. గుండీ తెగిన కాలరు గాలికి కొట్టుకుంటోంది. పూర్వం పెద్ద పెద్ద బళ్లని వెనక్కి తీయించినప్పటి ధీమా మొహంలో. "ఊఁ, పో... పోనీ... నిదానంగా... ఇంకా చోటుంది, పోనీ," అంటూ చేత్తో సైగ చేస్తున్నాడు, బండికి కాదు, బండికి నాలుగు బారల అవతల ఉన్న రాళ్లకుప్పకి. ఎండ నేరుగా ఆయన కళ్లలో పడుతోంది. ఆయన రెప్ప వెయ్యడం లేదు. ఇంజను ఇంకా స్టార్టు చెయ్యలేదు ఆవిడ.

నీడలు లేవు. ఎప్పట్నుంచి లేవు? బెంచీ దగ్గరికి గోడ తడుముకుంటూ వచ్చిన రోజునుంచా? అంతకు ముందునుంచా? మూడునెలలు ఆ చీకట్లో ఒక్కడే కూర్చుని, రేడియో పెట్టుకుని, తీసేసి... "వస్తోంది, బాగా వస్తోంది," అంటున్నాడు ఆయన.

ఆవిడ తాళంచెవి వదిలేసి దిగింది. ఆయన దగ్గరికి వెళ్లి, గాల్లో ఆడుతున్న చేతిని పట్టుకుని కిందికి దించింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ ఆయన రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా తిప్పింది.

"బండి అటు లేదు," అంది. "ఇటుంది."